వైశాఖంలో కోసిన కొమ్మలు

తడి తువ్వాలులో చుట్టిన కట్టను ఒళ్ళో పెట్టుకుని అనూరాధ కిటికీ పక్కన ఒదిగి కూర్చుంది. మల్కాపురంలో బస్సెక్కినప్పటి నుంచీ అందులోంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. చీర తడిసి మోకాళ్ళకి అంటుకుపోయింది. పక్కనున్న కాలేజీ అమ్మాయి తన కాళ్ళు అవతలికి జరుపుకుంది, కాసేపటికి ఇంకాస్త జరుపుకుంది, అంతే తప్ప నోరు విప్పలేదు. విసుక్కుంటే బాగుండును, ఏటండీ ఈ నీళ్ళు అని గట్టిగా అంటే బాగుండును, ఎవరో ఒకరి చేత మాట పడ్డట్టుండును అనుకుంది అనూరాధ. నిన్న మధ్యాహ్నం నుంచి ఆమెను ఎవరూ ఒక్క మాట అనలేదు. తువ్వాలు నేతలోంచి ముళ్ళు తొడలోకి దిగుతున్నాయి. కట్టను కొంచెం పక్కకి తిప్పుకుంటే సరిపోతుంది. తిప్పుకోలేదు. గుచ్చుకోనీ. కండక్టరు వచ్చి ఆధారు కార్డు చూసి, ఆడవాళ్ళకిచ్చే సున్నా టికెట్టు చింపి ఇస్తూ, "గులాబీ కొమ్మలా అమ్మా? ఇంత ఎండలో బతుకుతాయేటి?" అన్నాడు. "మా అమ్మాయికండి. దువ్వాడలో కొత్తిల్లు కట్టుకుంది," అంది. అతను తలూపి ముందుకి వెళ్ళిపోయాడు. బతుకుతాయో లేదో అన్నదానికి జవాబు చెప్పలేదని ఆమెకి ఆ తరవాత తట్టింది.

మా అమ్మాయి. ఎంత సులువుగా వచ్చేసింది ఆ మాట. ముక్కూ మొహం తెలియని కండక్టరు ముందు అయితే వచ్చేస్తుంది. ఆదివారం నాడు మాట ఇటు నుంచి కాదు, అటు నుంచి రావాలి, మా అమ్మ అని, రాలేదు, అదే కదా అంతా. గృహప్రవేశం రోజు పాలు పొంగిపోయాక, పంతులుగారు వెళ్ళిపోయాక, కొత్త సున్నం వాసనా సాంబ్రాణి వాసనా కలిసిన ఆ హాల్లో అనూరాధ లడ్డూల పళ్ళెం పట్టుకుని అందరికీ పంచుతోంది. తెల్లవారకముందే లేచి తనే చుట్టిన లడ్డూలవి. సాయిదుర్గ పనిచేసే కాలేజీ నుంచి వచ్చిన ఒకావిడ లడ్డూ తీసుకుంటూ, "వీరెవరు మేడమ్?" అని అడిగింది. సాయిదుర్గ అటు ఎవరికో మంచినీళ్ళ సీసా అందిస్తూ, ఇటు తిరిగీ తిరగకుండానే, "మా నాన్నగారి వైఫ్," అంది. అనేసి వెళ్ళిపోయింది. కోపంగా అనలేదు, వెటకారంగానూ అనలేదు, గాజువాక బస్సు ఎక్కడాగుతుందో చెప్పినట్టు చెప్పింది. ఆవిడ నమస్కారం పెట్టింది. అనూరాధ నవ్వి, ఇంకో లడ్డూ తీసుకోండి అంది. అవును, నవ్వింది, ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పుడు సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోతోంది. అబద్ధం ఏముంది అందులో? గుణశేఖర్‌కి ఆమె భార్యే. రెండో భార్య. మొదటి భార్య కామేశ్వరి జ్వరంతో పోయేనాటికి సాయిదుర్గ రెండో తరగతి. అనూరాధ ఆ ఇంట్లోకి వచ్చిన రోజున ఆ పిల్ల తలుపు పక్కన నిలబడి, ఒక చేత్తో గౌను అంచు నలుపుతూ, ఎవరో నేర్పినట్టు "పిన్నీ" అంది. అప్పటి నుంచీ పిన్నీ అనే. దానికేమీ అనుకోలేదు. పిన్ని అంటే చిన్నమ్మే కదా, అందులో సగం అమ్మ ఉందిలే అని సరిపెట్టుకుంది. నాన్నగారి వైఫ్‌లో ఆ సగమూ లేదు.

బస్సు శ్రీహరిపురం దాటుతోంది. రిఫైనరీ గొట్టం మీద మంట పట్టపగలు కూడా గాలికి నాలుక చాపుతోంది. ఆ వైపు గాలి తిరిగితే పెరట్లో ఆకుల మీద నల్లటి ధూళి పేరుకునేది, ప్రతి సాయంత్రం గొట్టంతో ఆకులు కడిగేది అనూరాధ, ఒక్కొక్క ఆకూ వేళ్ళ మధ్య పెట్టి, పసిపిల్ల మొహం తుడిచినట్టు. దేశవాళీ గులాబి. ముద్దగా, లేత రంగులో, మధ్యాహ్నానికి రేకులు వాలిపోయే రకం, వాసన మాత్రం వీధి చివరికి వచ్చేది. కామేశ్వరి పెట్టిన మొక్క అని ఇంటికి ఎవరొచ్చినా చెప్పేవారు. మొదటి పువ్వు కామేశ్వరి ఫొటోకి. అది ఆ ఇంటి పద్ధతి. అనూరాధ ఆ పద్ధతిని ఒక్కనాడు తప్పలేదు. ఫొటోతో ఎవరు పోట్లాడతారు? కార్తీకం రాగానే కత్తెర పట్టుకునేది. ఎండిన పుల్లలు ముందు తీసేసి, ఒకదాన్నొకటి రాసుకునే కొమ్మల్లో బలహీనమైనది తీసేసి, బయటికి చూసే కన్ను, అదే చిగురు పుట్టే చోటు, ఎక్కడుందో వెతికి, దానికి కాస్త పైగా ఏటవాలుగా కోసి, కోసిన చోట పసుపు ముద్ద అద్దేది. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. ఏళ్ళ తరబడి ఆ మొక్కతోనే నేర్చుకుంది. కాబట్టి నిన్న చేసింది తెలియక చేసింది కాదు. తెలియక చేసింది అయితే ఎంత బాగుండేది.

నిన్న గుణశేఖర్ పోర్టులో క్రేను డ్యూటీకి వెళ్ళిపోయాడు. ఆమె గిన్నెలు తోమింది, బట్టలు ఆరేసింది, పప్పు పొయ్యి మీద పెట్టింది. ఎంతో మామూలుగా ఉంది. పప్పు ఉడుకుతూంటే పెరట్లోకి వచ్చి కత్తెర తీసుకుంది. వైశాఖ మాసం, మిట్టమధ్యాహ్నం, నేల చెప్పుల్లోంచి కాలుతోంది. మొదటి కొమ్మ కోసేటప్పుడు చెయ్యి అలవాటు కొద్దీ కన్ను కోసం వెతికింది. వెతికిన చేతిని తనే ఆపింది. ఆ తరవాత ఎక్కడ పడితే అక్కడ. మొగ్గలున్న కొమ్మ, చిగురున్న కొమ్మ, మణికట్టంత లావు ముదురు బోదె, దానికి కత్తెర చాలక వంటింట్లోంచి కత్తి తెచ్చింది. ముళ్ళు చీరుకుపోయి మోచేతుల మీద రక్తం వచ్చింది, అది చూస్తే ఒక తృప్తి కూడా కలిగింది, చీ, ఆ తృప్తి. అన్నీ పోగేసి ఈడ్చుకెళ్ళి వీధి మలుపులో చెత్తకుప్ప మీద పడేసి వచ్చేసరికి పప్పు మాడిపోయి ఇల్లంతా పొగ. కిటికీలు తీసి, విసనకర్రతో ఆ పొగని బయటికి తరిమి, అప్పుడు గడప మీద కూలబడింది.

సాయంత్రం గుణశేఖర్ వచ్చి పెరట్లో నేలకి మూరెడెత్తున మిగిలిన మోళ్ళని చూశాడు. చాలాసేపు చూశాడు. "సీడ పట్టిందా?" అన్నాడు. అడగడం కూడా జవాబు చేతికిచ్చి అడిగినట్టు అడిగాడు. "ఔను, సీడే," అంది. అతను చీపురు తీసుకుని రాలిన ఆకులు ఊడ్చాడు. ఆ మనిషికి తెలుసేమో, తెలిసి ఊడ్చాడేమో అని ఇప్పుడు గాజువాక సిగ్నల్ దగ్గర బస్సు ఆగి ఉడికిపోతూంటే అనిపిస్తోంది. అన్నం తిని అతను కూతురికి ఫోన్ చేసి, మామూలు కబుర్ల మధ్యలో, మొక్కకి సీడ పట్టిందట, పిన్ని కొట్టీసింది అని చెప్పాడు. ఫోను స్పీకరు మీద ఉంది. సాయిదుర్గ అటు నుంచి, "అయ్యో, కొమ్మలు పారీకండి నాన్నా. వానల్లో వచ్చి నాను కోసుకెళ్దామనుకున్నాను కదా. మంచివేవైనా ఉంటే పిన్నిని పట్టుకురమ్మను. కుండీల్లో గుచ్చుతాను. అమ్మ మొక్క కదా," అంది. "అలాగేనమ్మా, రేపే తెస్తాది," అన్నాడు గుణశేఖర్. అనూరాధ ఆ పక్కనే కూర్చుని మజ్జిగ కలుపుతోంది.

అందుకని ఈ వేళ పొద్దున్నే, వీధి ఇంకా సరిగా లేవకముందే చెత్తకుప్ప దగ్గరికి వెళ్ళింది. మున్సిపాలిటీ బండి ఇంకా రాలేదు. కొమ్మల మీద ఎవరో ఇంత బూడిదా, కుళ్ళిన మామిడి టెంకలూ పోశారు. మేకలు చిగుళ్ళన్నీ నమిలేశాయి. ఆమె చీర ఎత్తి దోపుకుని వంగి ఒక్కొక్క కొమ్మా లాగుతూంటే వెనకనుంచి, "ఏటమ్మా, ఏటి పారీసుకున్నావ్?" అని కేక. పక్క సందులో ఉండే, చేపలమ్మే తవిటమ్మ. చేపల గంప నెత్తిన లేదు, ఖాళీ గంప చంకన పెట్టుకుని హార్బరుకి బయలుదేరింది. కొమ్మలేరుకుంటున్నాను అంటే అయిపోయేది. చెత్తలో వేసినవి మళ్ళీ ఎందుకేరుకుంటున్నావు అని అడుగుతుందేమో అన్న భయంతో అనూరాధ నోట్లోంచి, "చెవి దిద్దు," అని వచ్చేసింది. "ఓలమ్మ! బంగారపుదే?" అని తవిటమ్మ గంప అవతల పడేసి, చీర దోపుకుని, ఆ కుప్పలోకి రెండు చేతులూ పెట్టేసింది. వద్దు తవిటమ్మా అన్నా వినలేదు. "నీకు తెలీదమ్మా, బంగారం ఒకపాలి పోతే మరి దొరకదు. నువ్వా కొమ్మల్లో సూడు, నాను ఈ బుగ్గిలో సూత్తాను," అంది. బూడిద పిడికిళ్ళతో తీసి, వేళ్ళ సందుల్లోంచి జారవిడిచి, టెంకలు ఒక్కొక్కటీ తిప్పి చూసింది. అనూరాధ రెండు చెవులకీ దిద్దులున్నాయి. కొంగు తల మీదుగా కప్పుకుని చెవులు దాచుకుని కొమ్మలేరుకుంది. పాలకెళ్ళే ఇద్దరు ముగ్గురు కూడా ఆగి, అయ్యో పాపం అని కర్రలతో కెలికారు. ఆఖరికి, "బస్సుకి టైమవుతోంది, పోతే పోయిందిలే," అని కొమ్మలు పట్టుకుని వచ్చేస్తూంటే తవిటమ్మ తలెత్తకుండానే, "నువ్వెల్లమ్మా, నాను దేవుతాన్లే," అంది.

గాజువాక దాటాక సంచీలో ఫోన్ మోగింది. తవిటమ్మే. "దొరకలేదమ్మా. మునిసిపాలిటీ బండోడొచ్చీసినాడు. ఒక్క నిమసం ఆగు నాయినా అని బతిమాలి ఆపినాను. ఏటి సెయ్యమంటావ్?" ఈ పాటికి హార్బరులో పడవలొచ్చి వేలం అయిపోయి ఉంటుంది. మంచి చేప అంతా ఎవరో కొనేసి ఉంటారు. "దొరికింది తవిటమ్మా, ఇంట్లోనే ఉంది, దిండు కింద," అంది అనూరాధ. పక్క అమ్మాయి ఆమె చెవుల వైపు చూసినట్టనిపించింది. "దొరికిందా తల్లీ! బతికించినావు. నా పేనం కొట్టుకుంటాంది ఇందాకట్నుంచి," అని తవిటమ్మ అవతల నవ్వింది. ఎవరితోనో, దొరికిందట్రా దొరికిందట అని చెప్తున్నట్టు కూడా వినబడింది. ఫోను పెట్టేశాక అనూరాధ కిటికీ ఊచకి నుదురు ఆనించింది. ఊచ నిప్పులా ఉంది. ఒక అబద్ధం సీడ అని, ఒకటి దిద్దు అని, ఒకటి దొరికిందని, ప్రతి దానికీ ఎదుటివాళ్ళు జాలిపడుతున్నారు. తిడితే తలెత్తుకోవచ్చు. ఈ జాలి కింద ఎలా తలెత్తుకోవడం?

తుపాను వచ్చిన ఏడాది గుర్తొచ్చింది. ఊళ్ళో చెట్టన్నది నిలబడని ఆ రోజు. గాలి ఆగాక తలుపు తీస్తే పెరట్లో గోడ పడిపోయి ఉంది, గోడ కింద గులాబి మొక్క వేళ్ళతో సహా లేచి చితికిపోయి ఉంది. కామేశ్వరి పెట్టిన మొక్క అసలు ఆ రోజే పోయింది. సాయిదుర్గ అప్పుడు హైస్కూలు. ఆ ఇటుకల ముందు కూర్చుని అన్నం ముట్టకుండా ఏడ్చింది. కరెంటు లేదు, నీళ్ళు లేవు, ఊరంతా నీళ్ళ ట్యాంకరు కోసం పరుగులు పెడుతూంటే అనూరాధ ఇటుకలెత్తి, పెన్సిలంత పచ్చి కొమ్మ ఒక్కటి వెతికి తీసింది. కింద కణుపు దగ్గర కోసి, కలబంద గుజ్జులో ముంచి, పాత డబ్బాలో ఇసుకా మట్టీ కలిపి గుచ్చి, పైన సీసా బోర్లించి, మరుగుదొడ్డి వెనక నీడలో దాచిపెట్టింది. పిల్లకి చెప్పలేదు. బతక్కపోతే మళ్ళీ ఏడుస్తుందని. తాగడానికి పట్టుకున్న నీళ్ళలోంచి తన వంతు తగ్గించుకుని దానికి పోసింది. ఒక రోజు సీసా లోపల ఆవిరి మధ్య ఎర్రటి చిగురు కనబడితే, మోకాళ్ళ మీద కూర్చుని నోరు మూసుకుని నవ్వుకుంది. పిల్లలు కలగని ఆడదానికి అలాంటి నవ్వు ఎప్పుడో గాని దొరకదు. ఆ చిగురు సాయిదుర్గకి చూపించి, "ఇదిగో, మీ అమ్మ మొక్క," అని తనే అంది. అవును, తనే అంది. ఆ పేరు తను పెట్టిందే. తను పెంచిన దాన్ని తన చేతుల్తోనే ఇంకొకరికి ఇచ్చేసి, ఇన్నేళ్ళూ ఇచ్చినందుకు తనలో తను మురిసి, ఎవరూ అడగకుండా ఇచ్చింది ఎవరూ గుర్తించలేదని నిన్న నరికింది. కామేశ్వరి మీద కసి అనుకుంది గాని, నరికింది తన నవ్వునే. ఇది ఎవరికి చెప్పుకుంటుంది? చెప్పినా మొక్క కోసం ఇంత గోలా అంటారు.

కూర్మన్నపాలెం దగ్గర సగం బస్సు ఖాళీ అయింది. తువ్వాలు కొంచెం విప్పి చూసింది. పైనున్నవి అప్పుడే ముదురు గోధుమరంగుకి తిరిగాయి. సీసాలోని నీళ్ళు అరచేతిలో పోసుకుని చల్లింది. వెనక్కి వెళ్ళిపోదామా అనిపించింది. వడదెబ్బ తగిలిందని ఫోను చేస్తే సరి. అప్పుడు సాయిదుర్గ కంగారుపడి తనే వస్తుంది, నిమ్మకాయ నీళ్ళు కలిపి ఇస్తుంది. అది ఇంకో జాలి. బస్సు దువ్వాడ రైల్వే గేటు వైపు మళ్ళింది.

స్టాపులో సాయిదుర్గ గొడుగు వేసుకుని నిలబడి ఉంది. కట్ట అందుకుని, "చీరంతా తడిసిపోయింది పిన్నీ, ఆటోలో రావలిసింది," అంది. ఇల్లు దగ్గరే. కొత్త గోడ పక్క నీడలో కుండీలు వరసగా పెట్టి ఉంచింది, ఇసుకా మట్టీ కలిపి తడిపి ఉంచింది, కలబంద మట్ట కోసి పళ్ళెంలో పెట్టింది. అల్లుడు వీరేంద్ర డ్యూటీకి వెళ్ళాడట. ఇద్దరూ నేల మీద కూర్చున్నారు. సాయిదుర్గ ఒక్కొక్క కొమ్మా తీసి గోటితో బెరడు గీకి చూస్తోంది. లోపల ఎండిపోతే పక్కన పడేస్తోంది, పచ్చగా ఉంటే ఒళ్ళో పెట్టుకుంటోంది. పక్కన కుప్ప పెరుగుతోంది. ఒళ్ళో కొమ్మలు పెద్దగా చేరలేదు. మేకలు వదిలేసిన ఒక ఆకు తిరగేసి చూసింది, ఇంకొకటి చూసింది. "పిన్నీ, సీడేది? ఒక్క మచ్చ లేదు కదా ఆకు మీద," అంది.

వేరు పురుగమ్మా అనడానికి అనూరాధ నోరు తెరిచింది. మాట నాలుక మీద సిద్ధంగా ఉంది, గుండ్రంగా, నున్నగా. కుళాయి చుక్క బక్కెట్లో పడిన చప్పుడు వినబడింది. "సీడ లేదు," అంది. "బాగున్న మొక్కే. నాను నరికీసేను. నీ మీద కోపమొచ్చి."

సాయిదుర్గ చేతిలో కొమ్మ అలాగే ఉంది.

"ఆదివారం ఆ మేడమ్‌తో నాన్నగారి వైఫ్ అన్నావు."

ఆ పిల్ల మొహంలో మొదట ఏమీ లేదు, గుర్తే లేదు. తరవాత మెల్లిగా గుర్తొచ్చింది. చెవులు ఎర్రబడ్డాయి. క్షమించమంటుందేమో, అది కూడా భరించాలి కాబోలు అనుకుంది అనూరాధ. సాయిదుర్గ ఆ మాట అనలేదు. "అన్నాను," అంది. "ఏటనాలో తోచక అనీసేను. తప్పే. కోపమొస్తే అక్కడే అడగొచ్చు కదా నన్ను? అందరి ముందూ ఒక్కటివ్వొచ్చు కదా? సెట్టేటి చేసింది?" చేతిలో కొమ్మ కింద పెట్టేసింది. "ఎప్పుడూ అంతే నువ్వు. వీధిలో అందరి అమ్మలూ వీపు వాయగొట్టీవోరు. నాను స్కూలు ఎగ్గొట్టి బీచికెళ్ళి చీకటిపడ్డాక వచ్చిన రోజు, నాకు గుర్తుంది, దెబ్బలు తినడానికి సిద్ధపడి వచ్చేను. నువ్వు కంచం పెట్టీసి గదిలోకెళ్ళిపోయేవు. ఒక్క తిట్టు లేదు. చుట్టాల పిల్లకి పెట్టినట్టు పెట్టీసేవు."

ఆ రోజు అనూరాధకీ గుర్తుంది. గదిలోకి వెళ్ళి దిండు కొరుకుతూ పడుకుంది. చెయ్యి ఎత్తితే సవతి తల్లి అంటారని, గొంతు పెంచితే వీధంతా వింటుందని, బిగబట్టింది. బిగబట్టడమే మంచితనం అనుకుంది. ఆ మంచితనం మీద ఇన్నేళ్ళు బతికింది. ఆ పిల్ల గదికి ఇవతల, కంచం ముందు, తలుపు తెరుచుకుంటుందేమో అని చూస్తూ కూర్చుందన్న ఆలోచన ఒక్కనాడూ రాలేదు. నిన్నటి సిగ్గు ఏపాటిది దీని ముందు. తలొంచుకుంది. చేతుల మీది గీతలు మట్టితో నల్లబడ్డాయి.

సాయిదుర్గ మోచేత్తో కళ్ళు తుడుచుకుని, ఒళ్ళోంచి పచ్చి కొమ్మ ఒకటి తీసి, కలబందలో ముంచి, కోపంగా కుండీలో పొడిచింది. చూడకుండా పొడిచింది.

"ఒసేయ్!" అనూరాధ అరిచింది. "తలకిందులుగా గుచ్చుతున్నావేటే! కళ్ళెక్కడ పెట్టుకున్నావు? ముళ్ళెటు చూస్తన్నాయో కనబడ్డంలేదా? కాలేజీలో చదువు చెప్తావట, కొమ్మకి కిందేదో పైదేదో తెలీదు! ఉన్నవే నాలుగు పుల్లలు, అవీ చంపీసీ!"

పక్కింటి గోడ మీంచి ఎవరో తొంగిచూశారు. అనూరాధ మట్టిచేత్తో నోరు మూసుకుంది. పెదవుల మీద ఇసుక. ఒళ్ళంతా వేడెక్కింది.

సాయిదుర్గ ఆమె వైపే చూస్తూ కొమ్మని బయటికి లాగి, తిరగేసి, మళ్ళీ గుచ్చింది. "ఇలాగా?" అంది.

"ఇంకా లోతుకి. సగం మట్టిలో ఉండాలి," అంది అనూరాధ. గొంతు ఇంకా దిగలేదు.